పెదవులు పగిలితే ముందు నాలుకని ఆపండి

వైజాగ్‌లో సముద్రపు గాలికి ఏడాదంతా ఒళ్లు జిడ్డుగానే ఉంటుంది కాబట్టి పెదవులు పగలడం మనకి పెద్దగా అలవాటు లేదు, కానీ డిసెంబర్‌లో లంబసింగి వెళ్లి తెల్లారగట్ల ఆ మంచులో బండి మీద ఓ గంట తిరిగొస్తే తెలుస్తుంది సంగతి. పోయినేడాది నాకు కింది పెదవి మధ్యలో చీలి, ఆవకాయ ముద్ద తగలగానే కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

అసలు తప్పు నాలుకది. ఎండినట్టు అనిపించగానే తడిపేస్తాం, ఆ ఉమ్మి ఆరుతూ ఉన్న కాస్త తేమనీ లాక్కుపోతుంది. మిగతా చర్మానికి ఉన్నట్టు పెదవులకి నూనె గ్రంథులు ఉండవు, పైనుంచి మనమే ఏదో ఒకటి రాయాలి.

నేనైతే రాత్రి పడుకునే ముందు గోరువెచ్చటి నీళ్లలో ముంచిన మెత్తటి గుడ్డని ఒక నిమిషం పెదవుల మీద ఉంచి, తడి పూర్తిగా ఆరకముందే పెసరగింజంత నెయ్యి రాస్తాను. నెయ్యి కొత్తగా తేమ ఇవ్వదు, ఉన్నదాన్ని పోనివ్వదు, అందుకే తడి మీదే రాయాలి. కొబ్బరినూనె అయినా పర్లేదు. మా ఇంట్లో నెయ్యి వాసన పడనివాళ్లు వాజిలిన్ రాసుకుంటారు, అదీ బాగానే పనిచేస్తుంది.

లేచిన పొట్టు మాత్రం పీకకండి, రక్తం వస్తుంది. పంచదార, తేనె కలిపి రుద్దమంటారు గానీ చీలిక ఉన్నప్పుడు వద్దు, నిమ్మరసం అసలే వద్దు. నోటి మూలల్లో పగిలి రెండు వారాలైనా మానకపోతే డాక్టర్‌కి చూపించుకోండి.