ఈసారి తేదీలు వెనక నుంచి లెక్కపెట్టాం

మేముండేది డాలస్‌లో. పెద్దమ్మాయి పన్నెండో తరగతిలో ఉన్నప్పుడు కాలేజీ దరఖాస్తులతో అక్టోబరంతా ఇంట్లో యుద్ధమే. అంతకుముందు మేలో పెట్టుకున్న ఎస్ఏటీ (కాలేజీ ప్రవేశాలకు రాసే పరీక్ష) సరిగ్గా ఏపీ పరీక్షల (స్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి సబ్జెక్టులవి) మధ్యలో పడింది, మంచి స్కోరు రాలేదు. ఆగస్టులో మళ్ళీ రాద్దామంటే దగ్గర్లో సెంటర్ దొరకలేదు. సిఫార్సు లేఖ అడిగేసరికి లెక్కల టీచరమ్మ అప్పటికే చాలామందికి మాటిచ్చేశారు.

చిన్నాడి దగ్గరికొచ్చేసరికి చివరి తేదీ నుంచి వెనక్కి వచ్చాం. చాలా కాలేజీల ఎర్లీ గడువు, అంటే ముందస్తు దరఖాస్తులకు చివరి తేదీ, నవంబర్ 1. చాలా కాలేజీలకు ఒకేచోట దరఖాస్తు పెట్టే వెబ్‌సైటు కామన్ యాప్ కొత్త ఏడాదికి తెరుచుకునేది ఆగస్టు 1. అంటే దరఖాస్తుతో పంపే 650 పదాల వ్యాసం చిత్తుప్రతి జులైలోనే అయిపోవాలి. లేఖలు పదకొండో తరగతి మేలోనే, సెలవులకు ముందు అడిగించాం. ఎస్ఏటీ మార్చిలో రాశాడు. ఆగస్టు పరీక్షకి కూడా రిజిస్ట్రేషన్ మొదలవగానే ఫీజు కట్టి పడేశాం, అవసరం రాకపోతే పోనీ అని. వచ్చింది.

కాలేజీలు చూడ్డానికి వాళ్ళక్కతో జులైలో వెళ్తే ఎండ, ఖాళీ భవనాలు. వీడితో మా స్ప్రింగ్ బ్రేక్ సెలవుల్లో వెళ్ళాం, అక్కడ క్లాసులు నడుస్తున్నాయి. క్యాంటీన్‌లో పిల్లల మధ్య కూర్చుని తిన్నాక జాబితాలోంచి ఒక పేరు వాడే కొట్టేశాడు. నాకు బాగా నచ్చింది ఆ కాలేజీయే, అది వేరే సంగతి.