కుక్కకి, పిల్లికి మనుషుల అల్బుమిన్ ఎక్కించాల్సి వస్తే

బ్లడ్ రిపోర్ట్‌లో అల్బుమిన్ (నీటిని రక్తనాళాల్లోనే పట్టి ఉంచే ప్రోటీన్) డెసిలీటర్‌కి 1.2 గ్రాములు అని కనపడగానే మెడికల్ షాపుకి పరుగెత్తి మనుషుల అల్బుమిన్ బాటిల్ తెచ్చేయడం ఈమధ్య బాగా చూస్తున్నా. అందుకే కొత్తగా ప్రాక్టీస్ పెట్టిన వెట్స్ కోసం, పక్కన కూర్చుని టెన్షన్ పడే ఓనర్ల కోసం కూడా ఇది రాస్తున్నా. ఓనర్లూ, ఇది ఇంట్లో చేసుకునే పని కాదు, కానీ డాక్టర్‌ని ఏం అడగాలో మీకు తెలిసుండాలి.

మనిషి అల్బుమిన్‌కీ కుక్క అల్బుమిన్‌కీ పోలిక దాదాపు 80 శాతమే, మిగతా తేడాని కుక్క ఒళ్ళు పసిగట్టి యాంటీబాడీలు తయారుచేసేస్తుంది. అంటే ఈ మందు ఒక జంతువుకి ఒక్కసారి వాడుకునే అవకాశం అనుకోండి, అదీ ప్రాణం మీదకి వచ్చినప్పుడే. గర్భసంచిలో చీము పట్టి పగిలిపోయినవి, పార్వో వైరస్ వచ్చి పేగులు పాడైపోయినవి, ఇలాంటి కేసుల్లో అల్బుమిన్ 1.5 కంటే కిందకి జారి, సెలైన్ ఎంత పెట్టినా బీపీ నిలబడక, కాళ్ళు ఉబ్బిపోయి వేలితో నొక్కితే గుంట పడి అది అలాగే ఉండిపోతుంటే అప్పుడు ఆలోచించండి. పిడుదుల వల్ల వచ్చే టిక్ ఫీవర్‌లో కూడా అల్బుమిన్ తగ్గుతుంది, కానీ తింటూ తిరుగుతూ ఉన్న కుక్కకి రిపోర్ట్‌లో నంబర్ సరిచేయడానికి మాత్రం దయచేసి వద్దు. ఆరోగ్యంగా ఉన్న కుక్కలకి ఎక్కించి చూసిన స్టడీల్లోనే తీవ్రమైన రియాక్షన్లు వచ్చాయి, చనిపోయినవీ ఉన్నాయి.

కుక్క ప్లాస్మా (రక్తకణాలు తీసేశాక మిగిలే ద్రవం) దొరికితే అదే సేఫ్. ఇబ్బంది ఏంటంటే అల్బుమిన్ డెసిలీటర్‌కి అర గ్రాము పెరగాలన్నా కేజీకి సుమారు 20 ఎంఎల్ ప్లాస్మా కావాలి, పెద్ద లాబ్రడార్‌కి అంత ఎక్కడ తెస్తాం.

ఇక లెక్క. కావాల్సిన అల్బుమిన్‌లోంచి ఉన్నది తీసేసి, దాన్ని బరువుతో, తర్వాత 3తో గుణిస్తే ఎన్ని గ్రాములు కావాలో వస్తుంది. 10 కేజీల కుక్క, 1.2 నుంచి 2.0కి తేవాలంటే 24 గ్రాములు. టార్గెట్ 2 చాలు, నార్మల్ దాకా లాగొద్దు. మన దగ్గర ఎక్కువగా దొరికేది 20 శాతం, 100 ఎంఎల్ బాటిల్, అందులో 20 గ్రాములుంటుంది. దానికి 300 ఎంఎల్ నార్మల్ సెలైన్ కలిపితే 5 శాతం అవుతుంది, నేను ఈ పాళ్ళలోనే కలిపి ఇస్తా. స్టెరైల్ వాటర్ మాత్రం కలపొద్దు, ఎర్ర రక్తకణాలు పగిలిపోతాయి. బాటిల్ ఊపొద్దు, నురగ వస్తుంది, మసకగా ఉంటే పక్కన పడేయండి, ఓపెన్ చేశాక 4 గంటల్లో వాడేయాలి కాబట్టి ఆ టైమ్‌కి సరిపడా మాత్రమే శుభ్రంగా కలుపుకోండి, దాచొద్దు. గాజు బాటిల్ అయితే గాలి వెళ్ళే వెంట్ ఉన్న సెట్ కావాలి. లైన్ కూడా సపరేట్‌గా పెట్టండి, యాంటీబయాటిక్ అందులోంచే తోసేయొద్దు.

స్పీడ్ విషయంలో తొందర అస్సలు పనికిరాదు. 10 కేజీల కుక్కకి మైక్రోడ్రిప్ సెట్‌తో (ఒక ఎంఎల్‌కి 60 చుక్కలు పడేది) మొదటి 15 నిమిషాలు నిమిషానికి 5 చుక్కలు, అంతే. ఆ 15 నిమిషాలు ఫోన్ పక్కన పెట్టి దాని మొహమే చూడండి: పెదాలు, కనురెప్పలు ఉబ్బుతున్నాయా, చర్మం మీద దద్దుర్లు లేస్తున్నాయా, వాంతి, వణుకు, టెంపరేచర్. ఏది కనపడినా వెంటనే ఆపేయండి, ఏవిల్ (అలర్జీ ఇంజెక్షన్), స్టెరాయిడ్, అడ్రినలిన్ ముందే సిరంజిల్లోకి లాగి పెట్టుకుని ఉండాలి. అంతా బాగుంటే 20 చుక్కలకి పెంచండి, అంటే గంటకి 20 ఎంఎల్, రోజుకి 10 గంటలు మించకుండా, అలా రెండు మూడు రోజుల్లో లెక్క పూర్తవుతుంది. 4 కేజీల పిల్లికి గంటకి 8 ఎంఎల్ దాటొద్దు, సిరంజి పంప్ ఉంటే మంచిది. పిల్లుల్లో గుండె జబ్బు బయటికి కనపడకుండా ఉంటుంది, మొదలుపెట్టేముందు ఊపిరి లెక్కపెట్టి రాసుకోండి, అది పెరుగుతూ పోతుంటే లంగ్స్‌లో నీరు చేరుతున్నట్టే, ఆపాలి.

డిశ్చార్జ్ అయిపోయాక జరిగేదే నాకు ఎక్కువ భయం. పయోమెట్రా (గర్భసంచిలో చీము) ఆపరేషన్ చేసి మనుషుల అల్బుమిన్ ఎక్కించిన ఒక జర్మన్ షెపర్డ్ చక్కగా తోక ఊపుకుంటూ ఇంటికెళ్ళింది, తొమ్మిదో రోజు పొద్దున్నే ఫోన్, "డాక్టర్ గారూ, లేవట్లేదండీ, కాళ్ళు నాలుగూ వాచిపోయాయి" అని. లేట్ రియాక్షన్ అది. సుమారు 5 రోజుల నుంచి 6 వారాల దాకా ఎప్పుడైనా రావచ్చు, కీళ్ళు వాస్తాయి, జ్వరం వస్తుంది, చర్మం మీద పుండ్లు పడతాయి, కిడ్నీలు దెబ్బతిని యూరిన్‌లో ప్రోటీన్ పోతుంది. ఆ కుక్క స్టెరాయిడ్స్‌తో కోలుకుంది, ఎందుకంటే ఓనర్‌కి ముందే చెప్పి పంపాం కాబట్టి ఆ పూటే తీసుకొచ్చారు. మీరూ డిశ్చార్జ్ కాగితం మీద ఇవన్నీ తెలుగులో రాసి చేతికివ్వండి, రెండు వారాలకోసారి యూరిన్ చూడండి. మొదటి డోస్ ఇచ్చి వారం దాటాక మళ్ళీ ఎక్కించడం కుదరదు, అందుకే ఫైల్ అట్ట మీద, వ్యాక్సిన్ కార్డు మీద కూడా ఎర్ర పెన్నుతో "మనుషుల అల్బుమిన్ ఇచ్చాం" అని తేదీతో సహా రాయండి, రేపు ఇంకో ఊళ్ళో ఇంకో డాక్టర్ దగ్గరికి వెళ్ళినా వాళ్ళకి కనపడాలి.