మధ్యాహ్నం రొప్పుతూ మేత మానేస్తున్న జీవాలు: సమస్య - పరిష్కారం

లక్షణం: గొర్రెలు పొద్దున బాగానే మేస్తాయి. పదకొండు దాటాక నోరు తెరిచి రొప్పుతాయి, నెమరు ఆగిపోతుంది, ఒకదాని పొట్ట కింద ఇంకొకటి తల దూర్చి గుంపుగా నిలబడతాయి. పది రోజులకు వెన్నెముక చేతికి తగులుతుంది. మే నెలలో కనిగిరి నుంచి ఉదయగిరి దాకా అందరూ చెప్పేది ఇదే, వెంటనే అడిగేది టానిక్ పేరు.

టానిక్ తర్వాత. ముందు నీడలో ఉన్న గొర్రె డొక్క కదలికలు అర నిమిషం లెక్కపెట్టి రెట్టింపు చేయండి. 40 దాటితే వేడి తగులుతోంది, 80 దాటితే గట్టిగా తగిలింది. తెల్లవారుజామున థర్మామీటర్ పెట్టండి. 102-103 డిగ్రీలుంటే ఎండదే తప్పు. ఆ చల్లటి వేళ కూడా 104 దాటిందంటే అది జ్వరం, పశువుల డాక్టర్‌ని పిలవండి.

అసలు దొంగ

"తొట్టి నిండా నీళ్లున్నాయండీ" అంటారు. ఉంటాయి. రేకుల షెడ్డు మీద నల్ల ట్యాంకు, అక్కణ్ణుంచి నేలమీద పరిచిన నల్ల పైపు, ఎండలో సిమెంటు తొట్టి. రెండింటికల్లా ఆ నీళ్లు స్నానానికి కాచినట్టుంటాయి. గొర్రె వచ్చి మూతి ఆనించి, పెదవి తడుపుకుని వెనక్కి పోతుంది. సాయంత్రం నీళ్లు చల్లారాక ఎగబడి తాగుతాయి. రాత్రికి తొట్టి ఖాళీ, ఎవరికీ అనుమానం రాదు. కానీ రొప్పి రొప్పి ఒంట్లో నీరు పోయేది మధ్యాహ్నం. అప్పుడు నీళ్లు అందకపోతే ఎండుమేత పొట్టలో కదలదు, ఆకలి చచ్చిపోతుంది. నెల్లూరు జాతి ఎండకు తట్టుకుంటుందిలే అనుకోవద్దు, అందులో మచ్చల జోడిపి రకం అయినా తెల్లటి పల్లా రకం అయినా నీళ్లు అందితేనే తట్టుకునేది.

పట్టుకోవడం తేలిక. పొద్దున పదింటికి తొట్టి నింపి బొగ్గుతో గీత గీయండి, నాలుగింటికి చూడండి. ఎండుమేత మీదున్న పెద్ద గొర్రెకు వేసవిలో రోజుకు 6-8 లీటర్లు కావాలి, 20 గొర్రెలకు 120-160. అందులో మూడోవంతైనా ఆ ఆరు గంటల్లో దిగాలి. నీళ్లు రెండు వేళ్లు కూడా దిగలేదా, మధ్యాహ్నం తొట్టిలో మోచేయి ముంచి చూడండి.

తొట్టిని వేపచెట్టు కిందికో తాటాకు పందిరి కిందికో మార్చండి. పైపును జానెడు లోతున పూడ్చండి, లేదా మొదట వచ్చే వేడి నీళ్లు గడ్డి మడికి వదిలేసి తర్వాత తొట్టికి పట్టండి. ట్యాంకుకు తడి గోనెలు చుట్టండి. ఉప్పు బోరు ఉన్నవాళ్లు రోజూ తొట్టి పూర్తిగా వంపి కడగాలి, అడుగు నీళ్లు ఇగిరేకొద్దీ ఉప్పెక్కుతాయి.

మేత

అరిగేటప్పుడు ఒంట్లో వేడి పుడుతుంది, అది తిన్న కొన్ని గంటలకు పెరుగుతుంది. అందుకే దాణా ఉదయం ఆరులోపు, వరిగడ్డి, శనగపొట్టు పొద్దుగూకాక. మధ్యాహ్నం వేస్తే అవిశ, సుబాబుల్ లాంటి పచ్చిమేత. సుబాబుల్ మొత్తం మేతలో మూడోవంతు దాటితే వెంట్రుక రాలుతుంది. ఖనిజ లవణ మిశ్రమం తలకు 10 గ్రాములు దాణాలో కలపండి.

వేరే కారణాలూ ఉండొచ్చు. కనురెప్ప లోపల తెల్లగా పాలిపోతే నట్టలు, మందు తాగించండి. ఉన్ని కత్తిరించమనే సలహా మన నెల్లూరు గొర్రెలకు కాదు, వీటికి ఉండేది వెంట్రుకే.

జీవం పడిపోతే నీడకు చేర్చి కాళ్లు, పొట్ట, గజ్జలు తడిపి గాలి విసరండి. లేచి తనంతట తాను తాగేదాకా నోట్లో నీళ్లు పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి.