రికంబెంట్ సైకిల్: ఏ పార్టు మారిస్తే ఎంత బరువు తగ్గుతుంది

నేను ఉండేది జర్మనీలోని ష్టుట్‌గార్ట్‌లో. సిటీ లోయలో, ఇల్లు పైన డెగర్‌లోఖ్‌లో. మరియెన్‌ప్లాట్స్ నుంచి త్సాకె అనే పళ్లపట్టాల రైలు మనుషులతో పాటు సైకిళ్లనూ పైకి మోసుకెళ్తుంది. అది ఎక్కకుండా తొక్కుకుంటూ పోవాలంటే 205 మీటర్ల ఎత్తు ఎక్కాలి. వెనక్కి వాలి తొక్కే నా రికంబెంట్ 18 కిలోలు.

క్రెడిట్ కార్డు తీసే ముందు ఒక లెక్క. 150 వాట్ల శక్తితో తొక్కే మనిషి సైకిల్లో 2 కిలోలు తగ్గిస్తే, ఈ ఎక్కుడులో మిగిలేది అరనిమిషం లోపే. బండిని కెల్లర్ (ఇంటి కింది నేలమాళిగ) మెట్ల మీంచి మోసేటప్పుడు మాత్రం ఆ 2 కిలోలు బాగా తెలుస్తాయి.

ఇండియా ప్రయాణానికి సూట్‌కేసులు తూచే కొక్కెం కాటాతో బండిని తూచండి. విప్పిన పార్టులకు వంటింటి కాటా చాలు.

మొదట టైర్లు. 20 అంగుళాల వెడల్పాటి టైరు, ష్వాల్బే కంపెనీ మారథాన్ ప్లస్, ఒక్కోటి 800 గ్రాముల దాకా ఉంటుంది. మారథాన్ రేసర్ దాదాపు దానిలో సగం. కోజాక్ ఇంకా తేలిక, కానీ నున్నటి టైరు, పంక్చర్ రక్షణ కూడా తక్కువ. నా ఓటు రేసర్‌కే. ట్యూబులు రబ్బరువి కాకుండా టీపీయూ అనే పల్చటి ప్లాస్టిక్‌వి వేస్తే ఇంకొంచెం తగ్గుతుంది. చక్రం అంచుని పట్టే రిమ్ బ్రేకులుంటే ప్యాకెట్ చదివి కొనండి, ఈ ట్యూబుల్లో కొన్ని డిస్క్ బ్రేకులకే పనికొస్తాయి.

తర్వాత గేర్లు. ముందున్న మూడు పళ్లచక్రాల బదులు ఒక్కటే పెడితే ముందు డెరైలర్ (చెయిన్‌ని ఒక చక్రం నుంచి ఇంకోదానికి జరిపేది), షిఫ్టర్ (గేరు మార్చే మీట), బూమ్ (పెడళ్లుండే ముందు గొట్టం) దాకా పోయే పొడవాటి కేబుల్ అన్నీ పోతాయి. తగ్గేది సుమారు 400 గ్రాములు. ఇక్కడే జాగ్రత్త: రికంబెంట్‌లో లేచి నిలబడి తొక్కలేం, కాబట్టి చిన్న గేరు లేకపోతే ఎక్కుడులో దిగి నెట్టుకోవడమే. వెనక చక్రం 26 అంగుళాలదైతే, ముందు 36 పళ్లు, వెనక 46 పళ్లతో పెడల్ ఒక చుట్టుకు బండి 1.6 మీటర్లు కదులుతుంది. ముందు 42 పెడితే అది 1.9 అవుతుంది, నా మోకాళ్లు ఒప్పుకోవు. 46 పళ్లకు సరిపడే వెనక డెరైలర్, దానికి జత కుదిరే షిఫ్టర్ కావాలి. ఆ ఖర్చు ముందే వేసుకోండి.

చెయిన్ మామూలు సైకిల్‌కి రెండున్నర రెట్ల పొడవు, కాబట్టి తేలికపాటిది కొందామనిపిస్తుంది. తగ్గేది వంద గ్రాముల లోపే, ధర మాత్రం రెండున్నర చెయిన్లది. వదిలేయండి. చెయిన్‌ని దారిలో నడిపే చిన్న చక్రం, ఇడ్లర్, కూడా పీకకండి, చెయిన్ దారి తప్పుతుంది.

సీటు మార్చాలంటే ముందు ఎవరిదైనా కార్బన్ సీటు మీద కూర్చుని చూడండి. వీపుకి సరిపడకపోతే ఎంత తేలికైనా వృథా.

బూమ్ బిగించే బోల్టులు అల్యూమినియంవి వేయొద్దు, తొక్కే బలమంతా వాటి మీదే పడుతుంది. బెల్, లైట్లు, రిఫ్లెక్టర్లు ఇక్కడ చట్టప్రకారం ఉండాల్సిందే, వాటి జోలికి పోకండి.