పీత తొట్టిలోంచి బయటపడుతోందా? ఎక్కడినుంచి, ఎందుకు, ఏం చేయాలి

అక్వేరియం షాపుల్లో రెయిన్‌బో క్రాబ్ అని అమ్మే నీలి వీపు, ఎర్ర కాళ్ల పీత పశ్చిమ ఆఫ్రికా తీరానిది. శాస్త్రీయ నామం కార్డిసోమా ఆర్మాటమ్. షాపులో గోల్డ్ ఫిష్ పక్కన నీళ్లలో కూర్చుని ఉంటుంది కాబట్టి, ఇంటికి తెచ్చినవాళ్లూ చేపల తొట్టిలోనే వేస్తారు. గొడవంతా అక్కడే మొదలవుతుంది. అది నేల మీద బొరియ తవ్వుకుని బతికే జీవి. ఒళ్లు తడిగా ఉండాలి గానీ రోజంతా మునిగి ఉండలేదు. మడ అడవుల నుంచి వచ్చే చిన్న రెడ్ క్లా పీతకూ, జావా నుంచి వచ్చే బొటనవేలంత వాంపైర్ పీతకూ కూడా నేల కావాల్సిందే. ఈ మూడింటిలో ఏది పెంచినా కింది సంగతులు పనికొస్తాయి. తేడా ఉన్నచోట చెప్తాను.

పీత పారిపోతే చూడాల్సినవి రెండు: దారి ఎక్కడ దొరికింది, అసలు ఎందుకు వెళ్లాలనుకుంది. చాలామంది మొదటిదాంతోనే ఆగిపోయి మూత మీద ఇటుక పెట్టి పడుకుంటారు. ఇవాళ రాత్రికి ఇటుక సరే. రేపటినుంచి రెండోది చూడాలి.

మూత వేసినట్టే ఉంది, పీత మాత్రం లేదు

ముందు అది నిజంగా పారిపోయిందో లేదో తేల్చుకోండి. కుబుసం విడిచే ముందు నేలపీత ఇసుకలోకి దూరిపోతుంది. పెద్ద పీతలైతే వారాల తరబడి పైకి రావు. అంతకుముందు కొన్నాళ్లుగా తిండి తగ్గించి, మందకొడిగా ఉండి, ఇప్పుడు ఇసుక ఒక మూల కొత్తగా కదిలినట్టు కనిపిస్తే లోపలే ఉందని అర్థం. తవ్వి చూడొద్దు. అప్పుడే పెంకు విడిచిన పీత ఒళ్లు మెత్తగా ఉంటుంది, కాస్త ఒత్తిడికే చచ్చిపోతుంది. ఫిల్టర్ డబ్బా లోపల, తొట్టి వెనక అతికించే ఫోమ్ షీటు సందులో కూడా ఒకసారి చూడండి.

అక్కడా లేకపోతే, వైర్లు బయటికి వచ్చే రంధ్రాన్ని అనుమానించాలి. పీత పక్కకు నడుస్తుంది కదా, అలాగే పక్కకు తిరిగి సందులోకి దూరుతుంది. అందుకే వీపు వెడల్పు చూసి 'ఇంత చిన్న సందులో పట్టదులే' అనుకోవద్దు. చూడాల్సింది దాని ఒంటి మందం. ఆ మందం పట్టే సందు ఉంటే చాలు, బయటికి వచ్చేస్తుంది.

రంధ్రంలో స్పాంజి కుక్కడం అందరికీ మొదట తోచే ఉపాయం. డెక్కలతో దాన్ని తునకలు తునకలుగా పీకేస్తుంది. ప్లాస్టిక్ దోమతెర గతీ అంతే. వైరు, గాలి గొట్టం ఎంత లావు ఉన్నాయో అంతే గాడి కోసిన అక్రిలిక్ ముక్కను రంధ్రం మీద అతికించండి. గాలి ఆడాల్సిన చోట స్టెయిన్‌లెస్ స్టీల్ జాలీ వేయండి. రాగి, ఇత్తడి జాలీల జోలికి వెళ్లొద్దు, తడికి కరిగి దిగే రాగి పీతలకు విషం.

మూత పక్కకు జరిగి ఉంది

బరువు చాలలేదు, అంతే. పెరిగిన రెయిన్‌బో పీత ప్లాస్టిక్ మూతను వీపుతో ఎత్తి తోసేస్తుంది. పలచటి అక్రిలిక్ షీటు కొన్నాళ్లకు తేమకు వంగి మూలల్లో లేస్తుంది. గ్లాస్ కటింగ్ షాపులో తొట్టి కొలతకు 5 మిల్లీమీటర్ల అద్దం కోయించి, అంచులు అరగదీయించి, నాలుగు వైపులా క్లిప్పులు పెట్టండి. ఒక చివర వేలెడంత వెడల్పున జాలీకి చోటు వదలండి. వాంపైర్ పీతకు బరువు సమస్య కాదు, దాని ధ్యాసంతా సందుల మీదే.

నున్నటి అద్దం మీద పైకి ఎలా వెళ్లింది?

అద్దం ఎక్కలేదు. ఎక్కింది మూలల్లో ఉన్న సిలికాన్ అతుకునో, హీటర్ వైరునో, గాలి గొట్టాన్నో, థర్మామీటర్‌నో. అందంగా ఉంటుందని నిలబెట్టిన చెట్టు కొమ్మ అయితే దానికి నిచ్చెనే.

లోపల ఉన్నవాటిలో ఎత్తైనదాని కొసనుంచి తొట్టి అంచు దాకా, పీత కాళ్లు బారచాచినా అందనంత దూరం ఉండాలి. వైర్లను తొట్టి గోడ వెంట పోనివ్వకుండా మూత మధ్యలోంచి దించండి. నాలుగు మూలలా పైన ముక్కోణపు అద్దం ముక్కలు అడ్డంగా అతికిస్తే సిలికాన్ అతుకు వెంట ఎక్కినా అక్కడ ఆగిపోతుంది. అతికించాక సిలికాన్ వాసన పూర్తిగా పోయేదాకా పీతను లోపల పెట్టొద్దు. అంచుకు వాజిలిన్ పూయమని సలహా ఇచ్చేవాళ్లున్నారు. అది పీత ఒంటికి అంటుతుంది, నీళ్ల మీద తెట్టు కడుతుంది. నాకైతే నచ్చదు.

దారులన్నీ మూసేశాం, అయినా రాత్రంతా అద్దం గీకుతోంది

సీత కష్టాలు సీతవి, పీత కష్టాలు పీతవి. దాని కష్టమేమిటో వరసగా చూద్దాం.

ముందు నేల. తొట్టి నిండా నీళ్లే ఉంటే పీత పైకి ఎక్కడం తప్ప ఇంకేం చేస్తుంది? మూడింట రెండు వంతులు నేల, మిగతాది నీళ్లు ఉంచండి. రెడ్ క్లాకు మాత్రం నీళ్లే ఎక్కువ కావాలి, నేల కొద్దిగా ఉన్నా చాలు. నీళ్లలోంచి తేలిగ్గా పైకి రావడానికి రాయో, వాలు చెక్కో ఉండాలి. నేల ఉన్నా రెండంగుళాల గులకరాళ్లే అయితే లెక్కలోకి రాదు, తవ్వుకోవడానికి లోతు కావాలి. ఐదు వంతులు ఇసుక, ఒక వంతు కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) కలిపి, పిడికిట్లో పిసికితే ముద్ద కట్టేలా, కానీ నీళ్లు కారకుండా తడపండి. చిన్న పీతలకు 15 సెంటీమీటర్ల లోతు, రెయిన్‌బోకు దానికి రెట్టింపు వేయండి. అంత ఇసుక చాలా బరువుంటుంది, కింద స్టాండు గట్టిదేనా చూసుకోండి. కట్టుబడికి వాడే రోబో ఇసుక వద్దు. అది రాళ్లను పిండి చేసిన పొడి, గరుకుగా కోసుకుంటుంది. ఏటి ఇసుకను బాగా కడిగి వాడండి.

తర్వాత గాలిలో తేమ. పీత నేల మీద తిరిగినా ఊపిరి పీల్చేది మొప్పలతోనే. మొప్పలు ఎండితే ఊపిరాడదు. ఏప్రిల్, మే నెలల్లో హైదరాబాద్ గాలి, ఏసీ గది గాలి, అమెరికాలో ఉంటే చలికాలపు హీటర్ గాలి, మూడూ దానికి ఒకే శిక్ష. మూతకు బదులు మొత్తం జాలీయే వేసినవాళ్ల ఇళ్లలో ఈ సమస్య ఎక్కువ. గాలిలో తేమ కొలిచే చిన్న హైగ్రోమీటర్ ఒకటి లోపల పెట్టండి. 75 నుంచి 85 శాతం మధ్య చూపించాలి. తగ్గితే జాలీ మీద కొంతమేర ప్లాస్టిక్ షీటు కప్పి, రోజూ నీళ్లు స్ప్రే చేయండి. వేడి 24 నుంచి 28 డిగ్రీల మధ్య ఉంటే హాయిగా ఉంటుంది.

ఇక నీళ్లు. గిన్నెడు నీళ్లలో తిండి ముక్కలు కుళ్లితే ఒక్క రోజులోనే అమ్మోనియా పెరుగుతుంది. పీత నీళ్లలోకి దిగిన వెంటనే బయటికి పరుగెడుతుంటే అనుమానించాల్సింది దీన్నే. భీమవరం, నెల్లూరు వైపు ఉన్నవాళ్లకు ఒక సుఖం ఉంది. రొయ్యల చెరువుల కోసం అమ్మే అమ్మోనియా టెస్ట్ కిట్లు, సెలినిటీ, అంటే నీటిలో ఉప్పు ఎంతుందో చూసే రిఫ్రాక్టోమీటర్లు ఆక్వా షాపుల్లోనే దొరుకుతాయి. కుళాయి నీళ్లు పోస్తే క్లోరిన్ తీసేసే మందు కలిపి పోయండి.

రెడ్ క్లాను మంచినీటి పీత అని అమ్మేస్తారు. అది ఉప్పుటేరు నీటిది. లీటరుకు సుమారు 7 గ్రాముల మెరైన్ సాల్ట్ (సముద్రపు చేపల తొట్లకు వాడే ఉప్పు) కలిపితే కుదురుగా ఉంటుంది. వంటింటి ఉప్పు వద్దు, సముద్రపు నీటిలోని కాల్షియం, మెగ్నీషియం అందులో ఉండవు. రెయిన్‌బోకు మంచినీళ్లు ఒక గిన్నెలో, ఉప్పునీళ్లు ఇంకో గిన్నెలో పెట్టండి, ఏది కావాలో అదే చూసుకుంటుంది.

రెండు పీతలుంటే చిన్నది పారిపోతోందా చూడండి. డెక్క విరిగి ఉంటే ఇక ఆలోచించక్కర్లేదు, వేరు చేయాల్సిందే.

రెండు చోట్ల మాత్రం చేయగలిగింది లేదు. కొత్తగా తెచ్చిన పీత మొదటి కొన్ని రోజులు దారి వెతుకుతూనే ఉంటుంది. దాక్కోవడానికి ఓ కుండపెంకు పెట్టి వదిలేయండి. ఇక, కడుపు కింద గుడ్ల గుత్తి ఉన్న రెయిన్‌బో పీత సముద్రం కోసం వెతుకుతుంది. పిల్లలను ఉప్పునీటిలోనే వదలాలి మరి. ఆ గుడ్లు వదిలేదాకా క్లిప్పులు రోజూ చూసుకోవడమే. వాంపైర్ పీతకు ఈ బాధ లేదు, దాని పిల్లలు బుల్లి పీతలుగానే పుడతాయి.

ఇంట్లో ఎక్కడో ఉంది, ఎలా పట్టుకోవాలి?

అన్నిటికన్నా ముందు పురుగుమందుల సంగతి చూడండి. చీమల చాక్ గీతలు తుడిచేయండి, బొద్దింకల స్ప్రే, దోమల కాయిల్ ఆపేయండి. పీత కూడా పురుగుల కుటుంబానికి దగ్గరదే. పురుగును చంపే మందు దాన్నీ చంపుతుంది, పైగా చాలా కొద్ది మోతాదుకే. ఇంట్లో ఫినాయిల్‌తో తుడవడం కూడా దొరికేదాకా మానండి. బాత్రూం తూముకు జాలీ బిగించండి.

తడి ఉన్న చోటికే పోతుంది: ఫ్రిజ్ వెనక, వాషింగ్ మెషిన్ కింద, తడి మాప్ పెట్టిన మూల. పగలు వెతికి అలసిపోవడం కన్నా రాత్రి దీపాలార్పి చెవి ఒగ్గితే మేలు, గోళ్ల చప్పుడు బాగా వినిపిస్తుంది. గోడ వారగా తడి తువ్వాలు పరిచి, దాని మీద లోతులేని పళ్లెంలో నీళ్లు, ఓ రొయ్య ముక్క పెట్టండి. ఎటు తిరుగుతోందో తెలియకపోతే గుమ్మాల దగ్గర పలచగా పిండి చల్లితే అడుగులు పడతాయి.

కనిపించగానే కాలు పట్టుకుని లాగొద్దు. ఆ కాలును అక్కడే తెంచేసుకుని పోతుంది. మళ్లీ మొలవడానికి కుబుసాలు విడవాలి. పైనుంచి డబ్బా బోర్లించి, కిందినుంచి అట్ట దూర్చి ఎత్తండి. ఒంటికి దుమ్ము, వెంట్రుకలు అంటుకుని ఉంటే క్లోరిన్ తీసిన నీళ్లు మెల్లగా పోసి కడగండి. లోతు నీళ్లలో మాత్రం పడేయొద్దు, నీరసించిన పీత పైకి రాలేక మునిగిపోతుంది. డబ్బాలో కాళ్లు తడిసేంత నీళ్లు పోసి, తడి గుడ్డ కప్పి, చీకట్లో ఉంచండి. కదలకపోయినా చచ్చిందని వెంటనే తీర్మానించకండి, గంటల తర్వాత కోలుకునేవి ఉంటాయి. చచ్చిన పీత త్వరగానే కుళ్లు వాసన వేస్తుంది. వాసన లేకపోతే ఇంకా ఆశ ఉన్నట్టే. కోలుకున్నా ఒకటి రెండు రోజులు తిండి ముట్టకపోవచ్చు. ఈలోపు తొట్టి మూత పని పూర్తి చేసి పెట్టుకోండి.