నీటిరంగుల్లో భువనగిరి కోట: దూరం ఎలా వచ్చిందంటే

సమస్య: ఏకశిల గుట్ట, పైనున్న కోట దూరంగా కనబడక ముందుకొచ్చి అతికించినట్టుండేవి. తెల్లరంగు కలిపినా, రంగు పలచన చేసినా, గీతలు చెరిపినా లాభం లేదు.

పనిచేసింది ఇదీ. బొమ్మ పూర్తిగా ఆరాక (చేతి వెనకవైపు తాకిస్తే చల్లగా తగలకూడదు) అరంగుళం చదును కుంచెను మంచినీళ్లలో ముంచి, గుట్ట అడుగు భాగాన్ని మాత్రమే తడిపి టిష్యూతో అద్దాను. రుద్దితే కాగితం పైపొర లేస్తుంది. అంచు మంచులో కరిగినట్టయింది. మళ్లీ ఆరనిచ్చి, కోబాల్ట్ బ్లూలో చిటికెడు బర్న్ట్ సియెన్నా (ఎర్రటి గోధుమరంగు), దాదాపు పదింతల నీళ్లు కలిపి గుట్టంతా ఒకే పూత, ఒక్కసారే. పచ్చిగా ఉండగా వేస్తే కింది రంగు లేచి బురదవుతుంది. బురుజుల పైఅంచును తడపకూడదు; కోటను గుర్తుపట్టేది దానితోనే. చివరగా ముందరి బండలకే ముదురు నీడలు.

ఇది 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల బరువుండే మందపాటి) కాగితం మీద, ఉదయపు వెలుగు బొమ్మకు కుదిరింది. గుట్టకు థాలో బ్లూ (కాగితానికి గట్టిగా పట్టేసే నీలం) వాడి ఉంటే అద్దినా రంగు సరిగా లేవదు. మిట్టమధ్యాహ్నపు ఎండ బొమ్మకు ఇంత మసక నప్పకపోవచ్చు.