తొలకరి రాకముందే పెరటి షెడ్డు వైరింగ్ చూపించుకోండి

రోహిణి కార్తెకు రోళ్లు పగులుతాయంటారు. మరి రేకుల కింద వేసవంతా మాడిన వైరు సంగతేంటి? పైతొడుగు పెళుసుబారి సన్నగా నెర్రెలిస్తుంది. పొడిగా ఉన్నన్నాళ్లూ ఆ సంగతి బయటపడదు. మృగశిరలో నాలుగు చినుకులు పడగానే అదే వైరు నుంచి రేకుకు, ఇనుప స్తంభానికి, బట్టలారేసే దండేనికి కరెంటు పాకుతుంది. విజయవాడ, గుంటూరు వైపు చాలా ఇళ్లకు పెరట్లో మోటారు గదో, పశువుల కొట్టమో, బయటి బాత్‌రూమో ఉంటుంది. వానలు మొదలవకముందే లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌ని పిలిచి వాటి వైరింగ్ టెస్ట్ చేయించండి.

ఫెయిల్ అని రిపోర్ట్ ఇస్తే "లైటు వెలుగుతోంది, మోటారు తిరుగుతోంది, ఇంకేం ఫెయిలు?" అని కొట్టిపారేయకండి. ఏదైనా తేడా వచ్చిన క్షణంలో సరఫరా దానంతటదే ఆగుతుందా అన్నదే ఆ టెస్టు ముఖ్యంగా చూసేది.

ఎక్కువగా దొరికిపోయేది ఎర్తింగ్, అంటే లీకైన కరెంటును నేలలోకి పంపే ఏర్పాటు, దగ్గరే. ఇల్లు కట్టినప్పుడు ఎర్త్ గుంట తీసి మెయిన్ బోర్డుకు కలుపుతారు. షెడ్డేమో తర్వాత లేస్తుంది. ఇంట్లో ఏదో ప్లగ్గు నుంచి రెండు వైర్లు లాగి ముందు ఒక బల్బు పెడతారు, తర్వాత ఫ్యాను, ఆ తర్వాత వాషింగ్ మెషీన్. ఎర్త్‌కు వాడే ఆకుపచ్చ వైరు మాత్రం ఇంటి గోడ దాటి రాదు. షెడ్డులో మూడు రంధ్రాల సాకెట్ ఉన్నా పైన ఉన్న పెద్ద రంధ్రం వెనక ఏమీ ఉండదు. కొందరు దాన్ని న్యూట్రల్‌తో, అంటే కరెంటు తిరిగి వెళ్లే వైరుతో కలిపేస్తారు. ఇది మరీ ప్రమాదం. ఎక్కడైనా న్యూట్రల్ తెగితే మెషీన్ బాడీ మొత్తానికి 230 వోల్టులు ఎక్కుతాయి. ఆ పని చేసిన మనిషిని మళ్లీ ఇంటి వైరింగ్ దగ్గరికి రానివ్వకండి.

"ఎంసీబీ ఉందిగా, పడిపోతుందిలే" అనే ధీమా ఇంకొకటి. ఎంసీబీ అంటే కరెంటు మరీ ఎక్కువ పారితే దానంతటదే పడి సరఫరా ఆపే స్విచ్. అది కాపాడేది వైరును. మనిషి గుండెకు ముప్పు తేవడానికి 30 మిల్లీ ఆంపియర్లకు కాస్త పైన చాలు. 16 ఆంపియర్ల ఎంసీబీ దానికి ఐదు వందల రెట్లు దాటినా కదలదు. ఎర్తింగ్ ఉన్నా అది ఒక్కటే చాలదు. ఎర్త్ గుంట నిరోధం 10 ఓమ్‌లు ఉంటే, లీకైనప్పుడు పారేది మహా అయితే 23 ఆంపియర్లు. 16 ఆంపియర్ల సీ రకం ఎంసీబీ తక్షణం పడాలంటే 80 నుంచి 160 ఆంపియర్ల దాకా కావాలి. అందుకే రిపోర్టులో ఆర్‌సీసీబీ, అంటే కాస్త కరెంటు లీకైనా వెంటనే పడిపోయే స్విచ్, పెట్టమని రాస్తారు. 30 మిల్లీ ఆంపియర్లది తీసుకోండి. దాన్ని షెడ్డులో కాకుండా, షెడ్డుకు లైను బయల్దేరే చోట, ఇంటి బోర్డులోనే పెట్టించండి. అప్పుడు మధ్యలో ఉన్న వైరుకూ రక్షణ ఉంటుంది. నెలకోసారి దాని టెస్ట్ బటన్ నొక్కి చూడాలి. పడకపోతే మార్చేయాలి.

వాన పడినప్పుడల్లా ఆర్‌సీసీబీ పడుతోందని దాన్ని తీసేసి డైరెక్ట్ చేసేవాళ్లున్నారు. దయచేసి ఆ పని మాత్రం చేయకండి. ఎక్కడో తడి చేరి కరెంటు లీకవుతోందని అది చెబుతోంది. ఒక్కోసారి లీకేజీ లేకపోయినా, షెడ్డుకు ఫేజ్ ఒక సర్క్యూట్ నుంచి, న్యూట్రల్ ఇంకో సర్క్యూట్ నుంచి తీసుకున్నా అలాగే పడుతుంది. రెండింట్లో ఏదన్నది వెతికి సరిచేయించాలి.

లీకేజీ వెతకడానికి మెగ్గర్ అనే మీటరు వాడతారు. మెయిన్ ఆపి, 500 వోల్టులతో ఇన్సులేషన్, అంటే వైరు పైతొడుగు కరెంటును ఎంత ఆపుతోందో కొలుస్తారు. 1 మెగాఓమ్ కంటే తగ్గితే ఫెయిల్. ఎండాకాలం మధ్యాహ్నం పాసైన వైరు తడిశాక ఫెయిల్ కావచ్చు కాబట్టి మొదటి పెద్ద వాన తర్వాత ఇంకోసారి కొలిపించడం మంచిది. నేల కింద పైపులో మామూలు వైరు వేసినవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. గుంటూరు వైపు నల్లరేగడి ఎండకు బీటలిచ్చి, వానకు ఉబ్బుతుంది. ఆ కదలికకు పైపు జాయింట్లు ఊడి లోపల నీళ్లు నిలుస్తాయి. అక్కడ వేయాల్సింది లోహపు కవచం ఉన్న ఆర్మర్డ్ కేబుల్, అదీ సుమారు రెండున్నర అడుగుల లోతున. ఎండకు బీటలిచ్చిన నేలలో ఎర్త్ గుంట కూడా సరిగ్గా పనిచేయదు, నీళ్లు పోస్తూ ఉండాలి.

ఇవన్నీ సరయ్యేదాకా షెడ్డు లైను ఇంటి బోర్డు దగ్గరే ఆపి ఉంచండి. షెడ్డులో స్విచ్ ఆపితే వైరులో కరెంటు అలాగే ఉంటుంది. దండేనికి కట్టిన ఇనుప తీగ ఇవాళే విప్పేసి నైలాన్ తాడు కట్టండి. దీనికి ఎలక్ట్రీషియన్ కోసం ఆగక్కర్లేదు. తడి కాళ్లతో, చెప్పుల్లేకుండా మోటారు స్టార్టర్ ముట్టుకోవద్దని ఇంట్లో పెద్దవాళ్లకు మరీ మరీ చెప్పండి.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు స్విచ్ బోర్డుల దాకా నీళ్లొచ్చిన ఇళ్లున్నాయి. అలా మునిగిన ఎంసీబీలు, ఆర్‌సీసీబీలు ఆరబెట్టి వాడేవి కావు, కొత్తవి వేయాల్సిందే. నీళ్లు పెరుగుతున్నాయంటే, మీరు నిలబడ్డ చోటు పొడిగా ఉండగానే మెయిన్ ఆపేయండి.

ఎవరికైనా షాక్ కొడితే ముందు మెయిన్ ఆపాలి. అది కుదరకపోతే పొడి కర్రతోనో, ప్లాస్టిక్ కుర్చీతోనో వైరు నుంచి వేరు చేయాలి. చేత్తో లాగితే ఇద్దరూ పోతారు. వెంటనే 108కి ఫోన్ చేయండి. స్తంభం, సర్వీస్ వైరుల దగ్గర తేడా ఉంటే 1912కి చెప్పండి. మీటరు తర్వాత షెడ్డు దాకా ఉన్నదంతా మన బాధ్యతే.

పని అయ్యాక డబ్బులిచ్చే ముందు, మీ ఎదురుగా ఆర్‌సీసీబీ టెస్ట్ బటన్ నొక్కించండి. ఎర్త్, మెగ్గర్ అంకెలు తేదీతో రాయించుకుని ఆ కాగితం బోర్డు తలుపు లోపల అంటించండి. వచ్చే ఏడాది కొలిచినప్పుడు ఎంత మారిందో పోల్చుకోవచ్చు.